సంగీతం టీచర్ ట్రైనింగ్‌లో ప్రాక్టికల్స్: పరీక్షలో బాగా పాడేవాళ్లు క్లాసులో ఎందుకు తడబడుతున్నారు?

స్వరవీణ

అందరికీ నమస్కారం. సంగీతం టీచర్లు కాబోయేవాళ్లకు నేను గాత్రం చెప్తాను. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం ఒకటి ఇక్కడ పెడుతున్నాను. క్లాసులో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లు వివరంగా రాస్తే నాకూ, నా దగ్గర నేర్చుకునేవాళ్లకూ మేలు చేసినవాళ్లవుతారు.

మా దగ్గర ప్రాక్టికల్స్ అంటే దాదాపు అంతా సోలోనే. ఒక వర్ణం, కొన్ని కృతులు (రెండూ కచేరీ రచనలే), కొంచెం స్వరకల్పన, అంటే అప్పటికప్పుడు స్వరాలు అల్లడం. ట్రైనీలు కష్టపడతారు, పరీక్షలో బాగానే పాడతారు. అదే మనిషిని పిల్లల ముందు నిలబెట్టి నాలుగు పంక్తుల పాట నేర్పమంటే కాళ్లూ చేతులూ ఆడవు. పిల్లల గొంతుకు ఏ శ్రుతి సరిపోతుందో తేల్చుకోలేరు. తాళం వేస్తూ తలెత్తి చూడలేరు. మూడో పంక్తి మళ్లీ పాడిద్దామంటే, మొదటి నుంచి లోపల్లోపల పాడుకుంటూ వస్తే తప్ప ఆ ఎత్తుగడ దొరకదు.

వీళ్లకు సంగీతం రాదని అనలేను. వచ్చు. ఇంకొకరికి అందించే రూపంలో లేదు, అంతే. ఉన్న గంటలు పెరిగే అవకాశం లేదు కాబట్టి, వాటిలోనే ఏం మార్చాలన్నది నా ప్రశ్న. సోలో తగ్గించాలా? కీబోర్డు పెంచాలా? ఇంకేదైనా దారి ఉందా?

బడిపాట

మేడమ్, మీరు రాసిన ఇబ్బందులు కొత్తగా చేరే ప్రతి టీచర్‌లోనూ చూస్తుంటాను. ముందు శ్రుతి సంగతి చెప్తాను. అది కుదరకపోతే మిగతావి ఎంత బాగున్నా పనికిరావు.

చిన్న పిల్లలు హాయిగా పాడగలిగే పరిధి చాలా ఇరుకు. కీబోర్డు మధ్యలో ఉండే మిడిల్ సి పక్కనున్న డి నుంచి పైన ఏ దాకా అనుకోండి. ట్రైనీ తన కచేరీ శ్రుతికి అలవాటుపడి అక్కడే ఎత్తుకుంటే, కింది స్వరాలు వచ్చినప్పుడు పిల్లలు పాడటం ఆపేసి పాటను మాటల్లా పలుకుతారు. మగ టీచర్లకు ఇంకో చిక్కు ఉంది. వాళ్ల గొంతు మామూలుగానే ఒక స్థాయి కింద పలుకుతుంది. కాస్త అలవాటైన పిల్లలు దాన్ని పై స్థాయిలో అందుకుంటారు. బాగా చిన్నవాళ్లలో కొందరు మాత్రం సారు పాడిన ఎత్తులోనే పాడాలని చూసి, గొంతు చాలక బొంగురుగా గొణుగుతారు. వెంటనే ‘ఈ పిల్లాడికి శ్రుతిజ్ఞానం లేదు’ అని ముద్ర పడుతుంది. ఆ ముద్ర ఆ పిల్లాడు జీవితమంతా మోస్తాడు. నాకు మనసు కలుక్కుమనేది ఇక్కడే.

అందుకని ఒక చిన్న పాటను అడిగిన శ్రుతిలో, తంబురా ఆసరా లేకుండా, క్షణంలో ఎత్తుకోగలగాలి. ఇది ప్రాక్టికల్స్‌లో రోజూ చేయించండి. ‘ఇదే పాట ఒక స్వరం పైకి’, ‘ఇప్పుడు రెండు స్వరాలు కిందికి’. మగ ట్రైనీలకు ఫాల్సెటోలో, అంటే సన్నగొంతుతో, పిల్లల ఎత్తులో ఒక పంక్తి పాడి చూపించడం కూడా నేర్పాలి. కచేరీలో అది అక్కరలేదు, క్లాసులో తప్పనిసరి.

తంత్రి_వాదన

స్వరవీణ గారూ, ‘సోలో తగ్గించాలా’ అన్న మాట దగ్గర నాకు గట్టి అభ్యంతరం ఉంది.

నేను వయొలిన్ వాయిస్తాను, నేర్పుతాను కూడా. ఒక కృతిని నెలల తరబడి పట్టుకుని, దాని లోతు చూసి, నలుగురి ముందు నిలబెట్టడంలో మనిషికి ఒక చెవి తయారవుతుంది. గమకం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి, సంగతి (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరు) ఎందుకు పెరుగుతుంది, అలసటలో శ్రుతి ఎటు జారుతుంది, ఇవన్నీ ఆ సాధనలోనే తెలుస్తాయి. అది తీసేసి చిన్న పాటలు, చప్పట్లు, కీబోర్డు మీద మూడు కార్డులు (కొన్ని స్వరాల్ని ఒకేసారి కలిపి మోగించేవి) పెడితే, పిల్లల్ని హుషారుగా ఆడించే మనిషి తయారవుతాడు. వాళ్లలో ఒకరికి నిజమైన ప్రతిభ ఉంటే గుర్తుపట్టే చెవి అతనికి ఉండదు. తనకే లేనిది టీచర్ ఏం ఇస్తాడు?

మెట్లమీద_వేళ్లు

తంత్రి_వాదన గారూ, మీ ఆందోళన అర్థమవుతోంది. కానీ సోలో సాధన దానంతట అదే చెవిని తయారు చేస్తుందన్న మాట ఒప్పుకోలేను.

స్విస్ సంగీత ఉపాధ్యాయుడు జాక్-డాల్‌క్రోజ్ కథ ఇదేగా. ఆయన 1892లో జెనీవా కన్సర్వేటరీలో హార్మొనీ, అంటే స్వరాల్ని కలిపి పలికించే శాస్త్రం, చెప్పడానికి చేరారు. అక్కడి విద్యార్థులు వాయిద్యం మీద ఆరితేరినవాళ్లే. అయినా తాము కాగితం మీద రాసిన హార్మొనీ ఎలా వినిపిస్తుందో వాళ్లు లోపల వినలేకపోతున్నారని, లయ కూడా వాళ్ల ఒంట్లోకి ఇంకలేదని ఆయన గమనించారు. శరీర కదలికలతో లయ నేర్పే పద్ధతి అక్కడి నుంచే పెరిగింది. వేళ్లు నేర్చుకున్నది చెవికి అందకుండా పోవడం కొత్త జబ్బేమీ కాదు.

కీబోర్డు గురించి అడిగారు కదా. ట్రైనీకి పెద్ద పెద్ద పీసులు అక్కర్లేదు. చూపు మెట్ల మీద లేకుండా వాయించడం కావాలి. తల కిందికి వంచాడంటే క్లాసు చేజారినట్టే. నేను చేయించేది ఇలా ఉంటుంది. కుడిచేత్తో పాట, ఎడమచేత్తో ఒకే ఒక ఆధార స్వరం, కళ్లు ఎదురుగా. ఎదురుగా కూర్చున్నవాళ్లలో ఒకరు ఎప్పుడో చెయ్యి ఎత్తుతారు, వాయించేవాళ్లు ఆపకుండా వాళ్ల పేరు చెప్పాలి. మొదట్లో పాట విరిగిపోతుంది. కొన్ని వారాల్లో కుదురుకుంటుంది. ఇది సోలో కంటే తేలికని ఎవరైనా అంటే ఒకసారి చేసి చూడమంటాను.

కార్డుల విషయంలో మాత్రం జాగ్రత్త. సి, ఎఫ్, జి మూడూ నేర్చుకుని ప్రతి పాటకూ తగిలించేస్తున్నారు. కల్యాణి రాగంలో ఉన్నది ‘ప్రతి మధ్యమం’, అంటే రెండు ‘మ’ల్లో పైది. సి ఆధార షడ్జంగా (‘స’గా) పెట్టుకుని ఎఫ్ కార్డ్ కొడితే శుద్ధ మధ్యమం, అంటే కింది ‘మ’, వచ్చి పడుతుంది. మోహనంలో అసలు మధ్యమమే లేదు. అలాంటి పాటలకు షడ్జ పంచమాలు (స, ప) రెండే మోగిస్తే పిల్లలకు ఆధారం ఉంటుంది, రాగమూ చెడదు. ఏ పాటకు కార్డ్, ఏ పాటకు ఉత్త శ్రుతి అన్నది తేల్చుకోగలగడం కూడా ప్రాక్టికల్ నైపుణ్యమే.

లయఘోష

అందరూ స్వరం దగ్గరే ఆగిపోయారు. క్లాసు ముందుగా కూలేది లయలో.

ఆదితాళం వేసుకుంటూ తాను పాడుకోవడం వేరు. ఎనిమిది అక్షరాలు చేతిలో నడుస్తుండగా ‘వెనక వరసవాళ్లు వినండి, ఇప్పుడు మీ వంతు’ అని చెప్పి, సరిగ్గా సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకు, వాళ్లను అందుకోనివ్వడం వేరు. మాట లయను తినేస్తుంది. అందుకే నా దగ్గర ట్రైనీలు చెయ్యి తాళం వేస్తుండగా ముందు మామూలు మాటలు మాట్లాడాలి. తర్వాత అటూ ఇటూ నడవాలి. ఆ తర్వాత పక్కవాళ్లు కావాలని తప్పు కాలప్రమాణంలో చప్పట్లు కొడతారు, చెయ్యి చలించకూడదు. బాగా నిదానమైన కాలంలో ఇవన్నీ చేయించాలి. వేగంలో ఎవరైనా నెట్టుకొస్తారు. నిదానంలోనే బండారం బయటపడుతుంది.

రెండోది, ఎత్తి ఇవ్వడం. ‘ఒకటి, రెండు, పాడండి’ అన్న మూడు మాటల్లో శ్రుతి, కాలం, ఊపిరి మూడూ పిల్లలకు అందాలి. అంటే ఆ మాటల్ని మామూలు గొంతుతో కాకుండా పాట మొదలయ్యే స్వరంలోనే, పాట నడిచే వేగంలోనే పలకాలి. ‘పాడండి’ దగ్గర టీచర్ కళ్లకు కనిపించేలా ఊపిరి పీల్చాలి. ఇది చాలా చిన్న పని. పది మంది ట్రైనీలను నిలబెట్టి చేయించండి, ఎంతమందికి వస్తుందో మీకే తెలుస్తుంది.

స్వరవీణ

లయఘోష గారూ, ఈ ఎత్తి ఇవ్వడం గురించి ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. రేపే మొదలుపెడతాను. తంత్రి_వాదన గారి మాట కూడా తోసిపారేయలేను. లోతు తగ్గితే నాకూ నచ్చదు.

కొత్తగళం

నమస్కారం. నేను ఇప్పుడు ట్రైనింగ్‌లోనే ఉన్నాను. పెద్దవాళ్ల మధ్య మాట్లాడొచ్చో లేదో తెలియక ఇంతసేపు చదువుతూ ఉన్నాను.

నాది టెన్షన్ సమస్య. ఒంటరిగా సాధన చేసేటప్పుడు అంతా వస్తుంది. తోటివాళ్ల ముందు పాఠం చెప్పమంటే గుండె దడదడలాడుతుంది, ఊపిరి చాలదు, నాకు తెలియకుండానే వేగం పెరిగిపోతుంది. శ్రుతి కూడా పైకి వెళ్తోందని మా మేడమ్ అంటారు. పిల్లల ముందు ఇంత భయం ఉండదు. తోటివాళ్లూ, మార్కులు వేసేవాళ్లూ ఉన్నప్పుడే. ‘అలవాటైతే పోతుంది’ అంటారు అందరూ. ఎలా అలవాటు చేసుకోవాలో చెప్పండి.

తంత్రి_వాదన

అమ్మా, నువ్వు మాట్లాడాల్సిందే. ఈ చర్చంతా మీకోసమే కదా.

భయం వచ్చినప్పుడు ఒంట్లో జరిగేదాన్ని నువ్వే చక్కగా రాశావు. దాన్ని సాధనలోకి తెచ్చుకో. మెట్లు గబగబా ఎక్కి దిగి, గుండె ఇంకా కొట్టుకుంటుండగానే పాట ఎత్తుకో. అప్పుడు ఊపిరి ఎక్కడ తెగుతోంది, ఏ పంక్తిలో పరుగు మొదలవుతోంది అన్నది తెలుస్తుంది. ఆ చోట్ల ఊపిరి గుర్తులు పెట్టుకో. రెండోది, పాటను మొదటి నుంచి చివరికి ఒకే దారంగా గుర్తుపెట్టుకోకు. ప్రతి పంక్తి ఎత్తుగడనూ విడిగా నేర్చుకో. చివరి పంక్తి ముందు, తర్వాత మధ్యది, తర్వాత మొదటిది. ఎక్కడ తెగినా తర్వాతి ఎత్తుగడ చేతికి అందుతుందన్న నమ్మకం ఉంటే సగం భయం పోతుంది.

స్వరవీణ గారు మొదట్లో చెప్పిన మూడో పంక్తి ఇబ్బందికి కూడా ఇదే మందు. సోలో సాధన సరిగ్గా చేయిస్తే క్లాసుకు పనికొస్తుందని నేను అనేది అందుకే.

గళరక్ష

నేను గొంతు సమస్యలకు థెరపీ ఇచ్చే పనిలో ఉన్నాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో టీచర్లు చాలామంది. గొంతు దెబ్బతినే ముప్పు ఎక్కువగా ఉన్న వృత్తుల్లో టీచర్లను ఎప్పటి నుంచో లెక్కిస్తున్నారు. సంగీతం టీచర్లకు మాటా పాటా రెండూ ఆ గొంతుతోనే కాబట్టి భారం ఇంకా ఎక్కువ. అయినా ట్రైనింగ్‌లో దీని ఊసే ఉండదు.

అన్నిటికంటే పెద్ద చేటు పిల్లలు పాడుతున్నంతసేపూ వాళ్ల మీద గొంతెత్తి పాడటం. గొంతు చెడుతుంది, అది ఒక నష్టం. దానితో పాటు ఎవరు ఏం పాడుతున్నారో టీచర్‌కు వినిపించదు. నా గొంతే నా చెవుల్లో మోగుతుంటే నాలుగో వరసలో గాంధారం తప్పిన పిల్ల ఎలా తెలుస్తుంది? టీచర్ పాడేటప్పుడు వాళ్లు వినాలి, వాళ్లు పాడేటప్పుడు టీచర్ వినాలి. మరి నడిపించేది ఎలా అంటే చేత్తో. కర్వెన్ అనే సంగీత విద్యావేత్త ఇంగ్లండ్‌లో పెంచిన చేతి గుర్తులు, తర్వాత హంగరీ స్వరకర్త కొడాయ్ పేరున్న పద్ధతిలో హంగరీ బడులకు వెళ్లినవి, ఈ పనికే పనికొస్తాయి. ఒక్కో స్వరానికి ఒక్కో గుర్తు, స్వరం పెరిగితే చెయ్యి ఎత్తు పెరుగుతుంది. సరిగమలకూ వాడుకోవచ్చు. టీచర్ నోరు మెదపకుండా పిల్లల చేత వరస పాడించగలగాలి. అది ప్రాక్టికల్స్‌లో పెట్టండి.

ఇంకా, గొంతు అలసినప్పుడు గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకుంటారు. గట్టిగా చేసే గుసగుస కూడా శ్రమే. పూర్తిగా ఆపండి, లేదా మెల్లగా మామూలు గొంతుతో మాట్లాడండి. క్లాసు పెద్దదైతే మైక్ వాడటం నామోషీ కాదు. బొంగురు రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోవాలి.

బడిపాట

గళరక్ష గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. వినడం కూడా సాధన చేయించాల్సిన విద్యే. నలుగురు ట్రైనీలు వరస పాడతారు. వాళ్లలో ఒకరికి ముందే చీటీ మీద రాసి ఇస్తాం, ఫలానా చోట రిషభం కొంచెం తగ్గించమనో, ఒక అక్షరం ముందే అందుకోమనో. నడిపించేవాళ్లు తాళం ఆపకుండా ఎవరు, ఎక్కడ, ఏమిటి అన్నది పట్టుకోవాలి. పట్టుకున్నాక ఆ తప్పును అచ్చంగా అలాగే పాడి చూపించి, పక్కనే సరైనది పాడాలి.

తప్పును అచ్చంగా పాడటం చాలా కష్టం. సాధన చేసిన గొంతు దానంతట అదే సరైన స్వరానికి వెళ్లిపోతుంది. కానీ రెండూ పక్కపక్కన వినిపిస్తేనే పిల్లలకు తేడా తెలుస్తుంది. ‘సరిగ్గా పాడు’ అని వందసార్లు చెప్పినా తెలియదు. ఎగతాళి చేసినట్టు ఉండకూడదు, ఆ జాగ్రత్త కూడా నేర్పాలి.

తంత్రి_వాదన

బడిపాట గారూ, ఈ అభ్యాసం నాకు బాగా నచ్చింది. వయొలిన్‌లో విద్యార్థి కమాను ఎక్కడ నొక్కుతున్నాడో అలాగే నొక్కి చూపించాల్సి వస్తుంది. దీనికి లోతైన చెవి కావాలి. నేను అడుగుతున్నది కూడా ఆ చెవినే.

మెట్లమీద_వేళ్లు

అయితే మనిద్దరం దగ్గరికి వస్తున్నట్టే. తేడా ఒక్కటే. ఆ చెవి కృతి సాధనలో దానంతట అదే వస్తుందని మీరంటున్నారు. దాన్ని విడిగా పనిగట్టుకుని చేయించాలని నేనంటున్నాను.

తంత్రి_వాదన

విడిగా చేయించండి, వద్దనను. సోలో గంటల్లోంచి కోసి మాత్రం కాదు.

లయఘోష

కోయకుండానే కుదిరే దారి ఒకటి ఉంది. సాధన చేసే క్రమం మార్చడం. సాధారణంగా ఒకే విషయాన్ని గంటసేపు పట్టుకుంటాం, ఆ గంట చివర చాలా బాగా వచ్చినట్టు ఉంటుంది. షీ, మోర్గన్ అనే ఇద్దరు పరిశోధకులు 1979లో చేతి కదలికల మీద చేసిన ప్రయోగం ప్రసిద్ధమైనది. ఒకే కదలికను వరసగా చేసినవాళ్లు సాధన సమయంలో ముందున్నారు. కదలికల్ని కలగాపులగంగా చేసినవాళ్లు అప్పుడు వెనకబడినా, తర్వాత పరీక్షించినప్పుడు వాళ్లకే బాగా గుర్తుంది. అది సంగీతం మీద చేసినది కాదు, కానీ మృదంగంలో నేను ఈ తేడా చూస్తూనే ఉన్నాను.

కాబట్టి ఆ గంటలోనే వర్ణం చరణం కాసేపు, ఉన్నట్టుండి పిల్లల పాటను వేరే శ్రుతిలో ఎత్తడం, మళ్లీ చరణం, మధ్యలో ఒకరికి ఎత్తి ఇవ్వడం. టీచర్ ఉద్యోగం అచ్చంగా ఇలాగే ఉంటుంది. ఏదీ వరసగా రాదు.

కొత్తగళం

ఇలా మార్చి మార్చి చేస్తే ఆ రోజు ఏదీ సరిగ్గా రాలేదన్న నిరాశ ఉంటుంది కదండీ?

లయఘోష

ఉంటుందమ్మా. ఆ రోజు ఎలా వచ్చిందన్నది చూడకు. రెండు రోజుల తర్వాత మొదటిసారి ఎత్తుకున్నప్పుడు ఎలా వచ్చిందో చూసుకో.

స్వరవీణ

ఇప్పటిదాకా వచ్చినవన్నీ రాసుకున్నాను. మార్పు చేయాల్సింది పరీక్షలో కూడా అనిపిస్తోంది. పరీక్షలో లేనిదాన్ని ట్రైనీలు సాధన చేయరు, ఎంత చెప్పినా.

నా ఆలోచన ఇది. సోలో ఉంటుంది, లోతు తగ్గించను. దాని పక్కన ఇంకో భాగం. ట్రైనీకి ఎప్పుడూ చూడని చిన్న పాట స్వరలిపిలో ఇస్తాం, ఇరవై నిమిషాలు టైమ్. తర్వాత ఐదారుగురికి దాన్ని నేర్పాలి. పాట పూర్తయిందా లేదా అన్నదానికి మార్కులు ఉండవు. శ్రుతి ఎంపిక, ఎత్తి ఇవ్వడం, తప్పు పట్టడం, మధ్యలో ఎక్కడి నుంచైనా అందుకోవడం, వీటికే. మీరేమంటారు?

మెట్లమీద_వేళ్లు

చాలా బాగుంది. దానికి ముందు మెట్టుగా మైక్రోటీచింగ్ పెట్టండి. 1960లలో స్టాన్‌ఫర్డ్‌లో డ్వైట్ ఆలెన్ వాళ్లు మొదలుపెట్టిన పద్ధతి. ఐదు పది నిమిషాల పాఠం, కొద్దిమంది విద్యార్థులు, ఒకే ఒక నైపుణ్యం మీద దృష్టి, వీడియో చూసుకోవడం, వెంటనే అదే పాఠం మళ్లీ చెప్పడం. ఆ రెండోసారి చెప్పడమే ప్రాణం. చాలా చోట్ల పాఠం, విమర్శ అయ్యాక వదిలేస్తారు. విమర్శ విని ఇంటికెళ్లిన ట్రైనీకి బాధ మాత్రమే మిగులుతుంది. పది నిమిషాల్లో మళ్లీ చెప్పినప్పుడు ఒక్క విషయమైనా మెరుగుపడటం తనే చూసుకుంటుంది.

తంత్రి_వాదన

నాకూ సమ్మతమే. ఒక షరతు. నేర్పడానికి ఇచ్చే పాట చిన్నదైనా అందులో రాగం ఉండాలి. ఏ రుచీ లేని స్వరాల వరస ఇచ్చి నేర్పమంటే, ఆ ట్రైనీ రేపు పిల్లలకు కూడా అలాంటివే ఏరుకుంటుంది. ఇంకోటి, టీచర్ మొదటిసారి పాడి వినిపించేటప్పుడు, పిల్లలకు అది ఒక చిన్న కచేరీ కావాలి. నేర్పే గొంతుతో ముక్కలు ముక్కలుగా కాదు, పూర్తిగా, భావంతో. ఆ పాట నేర్చుకోవాలన్న కోరిక అప్పుడే పుడుతుంది. దానికీ మార్కులు పెట్టండి.

స్వరవీణ

తప్పకుండా పెడతాను. నిజానికి అదే మొదటి అంశం అవుతుంది.

కొత్తగళం

వీడియో గురించి ఒక సందేహం. మేం మైక్రోటీచింగ్ చేసినప్పుడు ఫోన్ మా వెనక పెట్టారు, పిల్లలే కనిపించారు. మా చెయ్యి, ముఖం ఏమీ కనిపించలేదు. చూసినా ఏం అర్థం కాలేదు.

మెట్లమీద_వేళ్లు

ఫోన్ పిల్లల వెనక, వాళ్ల తలల ఎత్తులో, టీచర్ వైపు తిప్పి పెట్టాలి. అప్పుడు పిల్లలకు మీరు ఎలా కనిపిస్తున్నారో అదే రికార్డవుతుంది, పిల్లల ముఖాలు పడవు కాబట్టి ఆ ఇబ్బందీ లేదు. చూసేటప్పుడు మొదట శబ్దం తీసేసి చూడండి. మీ చేతిని బట్టి మాత్రమే పాట ఎక్కడ మొదలైందో, ఎంత వేగంలో ఉందో తెలుస్తోందా? తర్వాత బొమ్మ చూడకుండా శబ్దం వినండి. మీ గొంతు ఎంతసేపు ఉంది, పిల్లల గొంతు ఎంతసేపు ఉంది అన్నది అక్కడే తేలిపోతుంది.